ఇంటికి తెచ్చుకున్న ఉత్తరాలు

మా ఆలుమగలిద్దరికీ కలిపి ఒకటే ఈమెయిల్. ఇంటికొక రేషన్ కార్డు ఉన్నట్టే ఇంటికొక మెయిల్ చాలనుకున్న తరం మాది. చాలా ఏళ్ల కిందట ఏదో ఫారంలో ఆ గడి నింపకపోతే చెల్లదన్నారు. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు పోతే, అక్కడాయన నా పేరు ముందు, నా భార్య పేరు వెనక అతికించి ఒక అడ్రసు తయారుచేసి చీటీ మీద రాసిచ్చాడు. ఆ చీటీని తెచ్చి దేవుని పటాల వెనక పెట్టుకున్నాం. అప్పటినుంచి గ్యాసు, బ్యాంకు, పిల్లల కాలేజీలు, ఆమె ఆఫీసు, నా ఆఫీసు, అన్నీ ఆ ఒక్క అడ్రసుకే వస్తున్నాయి.

నేను సోషల్ టీచర్ని. గూడూరు పక్కన ఒక హైస్కూల్లో చాలాకాలం పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. నా భార్య స్టాఫ్ నర్సు. ఆరేళ్లుగా భూపాలపల్లి దవాఖానలో చేస్తోంది. అక్కడే దవాఖాన దగ్గర రెండు గదులు కిరాయికి తీసుకొని ఉంటుంది. డ్యూటీ కలిసొస్తే శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి ఇంటికొస్తుంది, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ రెండు బస్సులు మారి పోతుంది. పిల్లలు వాళ్ల ఉద్యోగాల ఊళ్లలో వాళ్లున్నారు. ఇంత పెద్ద ఇంట్లో మిగిలింది నేను, నీళ్ల మోటరు.

ఈ ఏడాది ఒక ఆశ పుట్టింది. జనగామలో ఒక నర్సు పోస్టు ఖాళీ అయింది. జనగామ అంటే మాకు రైలు. పొద్దున ఎక్కితే డ్యూటీకి అందుతుంది, సాయంత్రం ఎక్కితే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటుంది. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఆమె దరఖాస్తు పెట్టుకుంది. ‘ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఫలానా రోజు రమ్మని మెయిల్ పెడతాం, చూసుకుంటుండండి’ అని ఆఫీసులో చెప్పారు. ఆ మెయిల్ కోసం మేమిద్దరం కాచుకొని కూర్చున్నాం. ఆమె కాచుకుంటే తప్పులేదు. నేను కూడా కాచుకోవడంతోనే వచ్చింది తంటా అంతా.

నాకు ఫోన్‌లో అక్షరాలు ఆనవు. ఇంట్లో మాత్రం ఒక కంప్యూటర్ ఉంది. పిల్లలు చదువుకునేటప్పుడు కొన్నది. ఆన్ చేసి చాయ్ పెట్టుకొని తాగి గ్లాసు కడిగి వచ్చినా తెరుచుకునేది కాదు. మా స్కూల్లో సైన్సు చెప్పిన సారు ఒకరు వచ్చి, ఉన్న విండోస్ అంతా తీసేసి దాని బదులు లినక్స్ అనేది వేసి పోయారు. ‘సారూ, గిదైతే పాత మిషిన్ల గుడ మంచిగ ఉరుకుతది, వైరస్ గిట్ల రాదు’ అని చెప్పారు. నిజంగానే ఉరికింది. ఆ రోజునుంచి నా నడకే మారిందని నా భార్య అంటుంది. చాయ్ హోటల్ దగ్గర ఎవరన్నా ఫోన్ పాడైందన్నా, బండి స్టార్ట్ కావట్లేదన్నా, ‘నేనైతే లినక్స్ వాడుత’ అని మొదలుపెట్టేవాణ్ని. దాంట్లో నేను చేసే పని పేకాట. ఒక్కణ్నే ఆడుకునే పేకాట.

ఆ లినక్స్‌లో మెయిల్ ప్రోగ్రాం ఒకటి ఉందని, దాంట్లో మన అకౌంట్ పెట్టుకుంటే ఉత్తరాలన్నీ పెద్ద అక్షరాలతో తెర మీదికే వస్తాయని సైన్సు సారు ఒకసారి చెప్పారు. ‘నేనొచ్చి పెడ్త’ అన్నారు కూడా. ‘ఎందుకు సారూ, గంత చేతగానోన్నా నేను’ అన్నాను. ఒక సోమవారం పొద్దున, స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రాహుకాలం దాటిందో లేదో కూడా చూసుకున్నాను. నన్నడిగితే ఇంకేదన్నా చూసుకోవాల్సింది.

ప్రోగ్రాం మొదట పేరడిగింది, ఇచ్చాను. అడ్రసడిగింది, ఇచ్చాను. పాస్‌వర్డ్ అడిగింది. దేవుని పటాల వెనక చీటీ తీస్తే దానికి ఇన్నేళ్ల దీపం మసి, కుంకుమ అంటుకొని సగమే కనిపించింది. కనిపించిన సగానికి నా ఊహ జోడించి కొట్టాను. కాదంది. ఊహ మార్చి కొట్టాను. కాదంది. మూడోసారి కొట్టేలోపు భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది.

‘ఏమయ్యా, మన మెయిల్ల ఎవడో దొంగ చొర్రవడుతున్నడు’ అంది నా భార్య. వార్డులోంచి మాట్లాడుతోంది, వెనక ఎవరో మూలుగుతున్నారు. ‘ఎవరో లినక్స్ కంప్యూటర్ నుంచి లోపలికి రాబట్టిన్రట. గిది నువ్వేనా అని నన్నడిగింది. నేను కాదని కొట్టిన. రెండుసార్లడిగింది, రెండుసార్లు కాదన్న.’

‘ఆ దొంగను నేనే’ అన్నాను.

వార్డు బయటికి నడిచినట్టుంది, మూలుగు దూరమైంది.

‘పాస్‌వర్డు ఎప్పుడో మార్చిన గద’ అంది. ‘నీకు యాదుంటదని మన పెండ్లి తారీఖు పెట్టిన.’

మొదటి పానిపట్టు యుద్ధం తారీఖు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కాకతీయుల పట్టాభిషేకాలన్నీ వరసగా అప్పజెప్తాను. మా పెళ్లి ఎండాకాలంలో అయింది, మామిడికాయ పప్పు పెట్టారు, అక్కడిదాకా గుర్తుంది.

‘యాదున్నది గని, నువ్వే చెప్పు. తప్పు కొడితే మళ్ల దొంగంటది’ అన్నాను.

‘బీరువల పెండ్లి కార్డున్నది. చూసుకో’ అని ఫోన్ పెట్టేసింది.

బీరువాలో పట్టుచీరెల కింద, నాలుగు మూలలా పసుపు ఎండిపోయిన కార్డు దొరికింది. తారీఖు చూసి కొట్టాను. లోపలికి పోయింది. ఇంతసేపూ దొంగలా బయట నిలబడ్డవాణ్ని పెళ్లికార్డు చూపించుకొని సొంత ఇంట్లోకి పోయినట్టయింది. కార్డును మళ్లీ చీరెల కింద పెట్టాను. తారీఖు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు ప్రోగ్రాం నా ముందు రెండు దారులు పెట్టింది. ఒకటి, ఉత్తరాలను వచ్చిన చోటే, అంటే ఎక్కడో ఉన్న ఆ పెద్ద కంప్యూటర్‌లోనే, సర్వర్ అంటారు దాన్ని, అక్కడే ఉంచి ఇక్కడినుంచి చూసుకోవడం. రెండోది, ఉత్తరాలను ఈ కంప్యూటర్‌లోకి దింపుకోవడం. రెండోదానికి కింద చిన్న గడి ఉంది. ‘సర్వర్‌లో కూడా ఒక ప్రతి వదిలిపెట్టు’ అని. ఆ గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది.

ఇక్కడ మా నాయిన గురించి చెప్పాలి. మాది నర్మెట్ట దగ్గర పల్లె. మా ఊళ్లో పోస్టాఫీసు అంటే పోస్టుమాస్టరు ఇంటి అరుగు. ఆయన ఉత్తరాలు తొందరగా పంచేవాడు కాదు. కార్డులైతే ముందు తను చదివి, అరుగు మీద కూర్చున్నవాళ్లకు చదివి వినిపించి, తీరుబడి దొరికినప్పుడు పంపేవాడు. మా పెద్దక్కకు సంబంధం కుదిరిన సంగతి మా ఇంటికంటే ముందు ఊరికి తెలిసింది. అందుకని మా నాయిన రోజూ పోయి ఉత్తరం అడిగి తెచ్చుకునేవాడు. తెచ్చి, దండెం పక్కన వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాడు. ‘పోస్టాఫీసుల ఉన్నది మంది ఉత్తరం, ఇంట్ల ఉన్నదే మన ఉత్తరం’ అనేవాడు.

నేను ఆ నాయిన కొడుకును. మన ఉత్తరాలను ఎవరి సర్వర్‌లోనో ఎందుకు ఉంచాలి? పైగా ఒక ప్రతి అక్కడ వదిలిపెట్టాలట. వదిలిపెట్టడమనే మాటే నాకు నచ్చలేదు. రెండో దారి పట్టి, ఆ టిక్కు తీసేశాను. ఇంత తెలివిగా ఆలోచించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఉత్తరాలు దిగడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్లవీ, వానకు ఉసుళ్లు లేచినట్టు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను చాయ్ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. అన్నీ దిగాక ఇంకో పని చేశాను. ఇది ఇంకా తెలివైన పని. నా భార్య పేరుతో ఒక సంచి లాంటిది తయారుచేసి, ఆమె పేరున్న ఉత్తరం ఏదొచ్చినా నా కంట పడకుండా నేరుగా ఆ సంచిలో పడేట్టు ఏర్పాటు చేశాను.

దానికీ ఒక కారణం ఉంది. మా పెళ్లయిన కొత్తలో ఆమె తల్లి దగ్గరినుంచి ఒక ఇన్లాండ్ లెటర్ వచ్చింది. ఆమె డ్యూటీలో ఉంది. నేను చింపి చదివాను. మా అత్తగారు బిడ్డకు రాసిన నాలుగు ముక్కల్లో ఒక ముక్క, ‘అల్లుడు మంచోడే గని మాటలెక్కువ, పని తక్కువ’ అని. నేను ఊరుకోవచ్చు కదా. సాయంత్రం ఆమె రాగానే, ‘నాకేం పని తక్కువ’ అని అడిగాను. ఆ ఉత్తరంలో ఉన్నదానికి కాదు, ఉత్తరం చింపినందుకు ఆమె తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదోరోజు, ఇంకెప్పుడూ నీ పేరు మీదొచ్చిన ఉత్తరం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నా జీవితంలో నేను సరిగ్గా నిలబెట్టుకున్న ఒట్టు అదొక్కటే. దాన్ని తప్పి ఉంటే బాగుండేది.

అన్నీ అయ్యాక గర్వంగా ఫోన్ చేశాను. ‘ఒక్కసారి నీ ఫోన్ల మెయిల్ చూడు’ అన్నాను.

‘ఏంది, ఒక్కటి గుడ లేదు?’

‘సాపు చేసిన’ అన్నాను.

ఆమె సంతోషపడింది. పాపం ఆమె ఫోన్ ఎప్పటినుంచో జాగా లేదు, జాగా లేదు అని గోల పెడుతోంది. ‘మంచి పని చేసినవ్’ అంది. పెళ్లయినప్పటినుంచి ఆ మాట నాకెన్నిసార్లు వచ్చిందో నాకు లెక్క తెలుసు, అందుకే ఆ సాయంత్రం మళ్లీ ఒకసారి ఫోన్ చేసి ఆ మాట అనిపించుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఆమె మామూలుగా ఫోన్ చేసింది. ‘జనగామది ఏమన్న వచ్చిందా?’

‘నీకు రాంది నాకెట్ల వస్తది? రెండూ ఒకటే డబ్బ గద’ అన్నాను.

‘గది గాదు. పగటీలి రెండిటికి ఫోన్ మోగింది. చేతులకు గ్లౌజులుండె. గంటయినంక చూస్తే ఏం లేదు.’

‘నెట్‌వర్క్’ అన్నాను. ఆ ఒక్క మాటతో ఊరుకుంటే నేనెందుకవుతాను. ‘బొగ్గుబాయిల ఊరు గద. కింద అంత తవ్వేస్తే సిగ్నల్ గట్లనే ఉంటది’ అని కూడా చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు నాది. ఆ గొంతుతో ఏం చెప్పినా ఎదుటివాళ్లు నమ్ముతారు, చెప్పిన తర్వాత నేనూ నమ్ముతాను.

అదే మంగళవారం, కంప్యూటర్‌లో ఆమె సంచి పక్కన ఒక అంకె నల్లగా లావుగా వెలిసింది. రెండు. బుధవారానికి మూడు. విప్పని ఉత్తరాలు ఎన్నున్నాయో చెప్పే అంకె అది. ఆమె ఫోన్‌లో చూసుకుంటున్నవే ఇక్కడ కూడా కూర్చున్నాయని అనుకున్నాను. పేకాట ఆడుతూ మధ్యమధ్యలో ఆ అంకెను చూసేవాణ్ని. సంచి మీద ఒక్క నొక్కు నొక్కితే చాలు. నొక్కలేదు. పరాయివాళ్ల ఉత్తరం ముట్టని నా పెద్దమనిషితనానికి నాకే ముచ్చటేసింది. గురువారం చాయ్ హోటల్ దగ్గర ఈ సంగతి నలుగురికీ చెప్పాను కూడా. ‘ఆలిదైనా సరే, మంది ఉత్తరం మంది ఉత్తరమే’ అని. వాళ్లు తలలూపారు.

అక్కడ భూపాలపల్లిలో ఆమె పరేషాన్ అవుతోంది. పొద్దున లేవగానే చూస్తుంది, డ్యూటీ దిగగానే చూస్తుంది. ఖాళీ. ‘పోస్టు ఎవరికో ఇచ్చేసిన్రేమో’ అంది శుక్రవారం సాయంత్రం. గొంతు సన్నబడింది. ‘గట్లెట్ల ఇస్తరు, పిలువకుండ?’ అని ధైర్యం చెప్పాను. ఆ ధైర్యం చెప్తున్నప్పుడు కూడా నా కళ్లు తెర మీద ఆ నల్ల అంకె మీదే ఉన్నాయి. అప్పటికి నాలుగు.

శనివారం సాయంత్రం ఆమె వచ్చింది. కాళ్లు కడుక్కోనివ్వలేదు, ‘ఇటు రా, చూపెడ్త’ అని కంప్యూటర్ దగ్గరికి పిలిచాను. కొత్తగా కొన్న బర్రెను చూపించేవాడికి కూడా అంత తొందర ఉండదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నాయో, ఉత్తరాలు ఎంత పొందికగా ఉన్నాయో, ఆమె సంచి ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను.

‘గీ నాలుగేంది?’

‘నీయే. నేను ముట్టలే’ అన్నాను.

ఆమె నొక్కింది. పైది చీరెల దుకాణం వాళ్లది. దాని కింద రెండు బ్యాంకువి. అన్నిటికంటే కింద జనగామది. మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు వచ్చింది. శుక్రవారం పొద్దున పదిన్నరకు ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావాలని, రాకపోతే తర్వాతి వారికి అవకాశం ఇస్తామని రాసి ఉంది. ఆమె మెల్లగా, పైకే చదివింది. చదవడం ఆపి గోడ మీద క్యాలెండర్ చూసింది.

‘నిన్న’ అంది.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అంటారు. మాది అంతకంటే ఘోరం. పిల్ల నా చంకలో ఉంది, వెతుకుతున్నది ఆమె. నేను వెతకడంలో ఆమెకు ధైర్యం చెప్తున్నాను.

అప్పుడైనా నోరు మూసుకోవాలి. ‘ఫోన్ల గుడ ఉండాలె గద, ఎందుకు లేదు? చూడు, రెండూ ఒకటే డబ్బ’ అని మొదలుపెట్టాను. సర్వర్‌లో ఉండే ఉత్తరాలు ఇక్కడికి దింపుకున్నప్పుడు అక్కడ టిక్కు తీసేస్తే, అక్కడ ఏమవుతుందంటే అని చెప్తూ చెప్తూ, ఏమవుతుందో అప్పుడు తెలిసింది నాకు.

సైన్సు సారుకు ఫోన్ చేశాను. విని, మొదట నవ్వారు. జనగామ సంగతి చెప్పాక నవ్వు ఆపారు. ‘డబ్బలున్నయన్ని మీరు ఇంటికి తెచ్చుకుంటిరి సారూ. అక్క పోయి డబ్బ తీస్తే అండ్ల ఏముంటది? ఆ ఇంకో దారి పట్టాల్సుండె’ అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఇంకో దారి ఎట్ల పట్టాలో కాగితం మీద రాసుకున్నాను.

నా భార్య తిట్టలేదు. తిడితే బాగుండు. స్నానం చేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ‘మంగళారం నా ఫోన్ మోగింది’ అంది, నాకు కాదు, పొయ్యికి చెప్తున్నట్టు. నాకు చాలా సిగ్గేసింది.

సోమవారం సెలవు పెట్టించి, పొద్దున్నే రైలెక్కి ఇద్దరం జనగామ పోయాం. ఆఫీసులో పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. ‘ఏందమ్మా, రాకపోతివి? మెయిల్ అందలేదా?’ అన్నాడు.

‘చూసుకోలే సార్’ అంది నా భార్య. తప్పు తన మీద వేసుకుంది.

అది వినలేకపోయాను. ముందుకొచ్చి, తప్పు నాదేనని, సర్వర్‌లో ఉన్న ఉత్తరాలను నేను ఇంటికి దింపుకున్నానని, లినక్స్‌లో రెండు దారులుంటాయని, మా నాయిన కాలంలో మా ఊరి పోస్టుమాస్టరు కార్డులు చదివేవాడని, అన్నీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు కూడా విన్నారు.

‘మీరు టీచరా?’ అన్నాడు చివరికి.

‘రిటైరయిన.’

‘అనుకున్న’ అన్నాడు. ఆ తర్వాత నా భార్య వైపు తిరిగి, ‘శుక్రవారం దాక చూసినం అమ్మా. తర్వాత పేరామె వచ్చింది, కాగితాలు సరిగున్నయి, ఆమెకిచ్చేసినం. మళ్ల ఖాళీ అయితే పెట్టుకో’ అన్నాడు. ఆయన చేసింది న్యాయమే. ఆ తర్వాత పేరామెకు కూడా ఏదో ఊరినుంచి ఇంటికి రావాలని ఉండి ఉంటుంది.

జనగామ స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాం. రైలుకు ఇంకా వేళ ఉంది. ఆమె డబ్బా విప్పి పులిహోర ముందు నాకు పెట్టింది. ఆ పెట్టడం నన్ను ఇంకా చంపింది. ఏదో ఒకటి మాట్లాడాలని, ‘ఇంటికి వస్తవనుకున్న. ఇంట్ల నువ్వు లేక ఏం తోస్తలేదు’ అన్నాను. నిజమే చెప్పాను.

‘ఉత్తరాలు ఇంటికి రావాలె. నేను ఇంటికి రావాలె’ అంది ఆమె. కోపంగా కాదు, పేషెంటుకు మందు ఎప్పుడేసుకోవాలో చెప్పినట్టు చెప్పింది. ‘నువ్వు రిటైరయ్యి ఏడాదాయె. నాకేమో రెండు గదులున్నయి. భూపాలపల్లికి బస్సులు లేవా?’

‘ఇల్లెవలు చూడాలె’ అన్నాను. ‘మోటరెవలు ఎయ్యాలె. రోజు తప్పించి రోజు నీళ్లెక్కియ్యకపోతే మోటరు పట్టేస్తది.’

ఆమె నన్ను చూసి, డబ్బా మూత పెట్టింది.

రైలొచ్చింది. మా ఇద్దరి రైలూ ఒకటే, దిగే చోట్లు వేరు. వరంగల్‌లో ఆమె దిగిపోవాలి, అక్కడినుంచి భూపాలపల్లి బస్సు. నేను ఇంకా ముందుకు మానుకోట పోవాలి. మహబూబాబాద్‌ను మేం అట్లనే పిలుస్తాం. వరంగల్ రాగానే సంచి భుజానికేసుకొని దిగింది. కిటికీ దగ్గరికొచ్చి, ‘పులిహోర మిగిలింది, పొద్దుగాల తిను’ అని పోయింది. జనంలో ఆమె సంచి కొంతదూరం కనబడింది. ఆరేళ్లుగా ఆమె ఇట్ల పోతూనే ఉంది. ఎప్పుడూ బస్టాండ్‌లో ఎక్కించి వెనక్కి తిరిగేవాణ్ని గనుక పోవడం నాకు కనబడలేదు. ఈసారి నేను కూర్చున్నాను, ఆమె నడుస్తోంది. పనీపాటా లేనివాడు సీట్లో ఉన్నాడు.

ఇంటికొచ్చి మూడు రోజులు కంప్యూటర్ ముట్టలేదు. నాలుగోరోజు ఆన్ చేశాను, సైన్సు సారు చెప్పిన దారి పడదామని. కాగితం ముందు పెట్టుకొని కూర్చొని, ఇది ఇక్కడ సరిచేసి ఏం లాభం అనిపించింది. వైర్లన్నీ పీకాను. పెద్ద డబ్బాను పాత దుప్పట్లో మూటకట్టాను, తెరను రెండు తలగడల మధ్య పెట్టి చీరెతో చుట్టాను. బీరువాకు తాళమేశాను. మోటరు మీద నీళ్లు పడకుండా సంచి కప్పాను.

నర్సంపేట దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకోటి. ఆమె ఆరేళ్లు చేసిన ప్రయాణం నేను మొదటిసారి పూర్తిగా చేశాను. నడుములు విరిగిపోయాయి. తెర మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. కండక్టర్ దుప్పటి మూటను కాలితో కదిపి చూశాడు.

‘ఏంది సార్ గిది?’

‘కంప్యూటర్.’

‘రిపేరుకా?’

‘కాదు. ట్రాన్స్‌ఫరయింది’ అన్నాను.

‘గీ వయసుల గూడనా?’ అని జాలిపడ్డాడు.

నేను పోయేసరికి ఆమె డ్యూటీలో ఉంది. ఇంటి ఓనరమ్మ దగ్గర తాళం తీసుకొని, కిటికీ పక్కన బల్ల మీద అన్నీ బిగించాను. వైర్లు రెండుసార్లు తప్పుగా పెట్టాను. ఇంట్లోలాగే నా ఫోన్ నెట్టే దానికి కలిపి, దిగిన ఉత్తరాలను ఒక పక్కన భద్రంగా పెట్టి, మెయిల్ పాత ఏర్పాటంతా తీసేసి కొత్తగా మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. జేబులో కాగితం తీయకుండానే పెళ్లి తారీఖు కొట్టాను. కాసేపు ఆగమంది. దవాఖానలో ఆమె ఫోన్‌కు మళ్లీ కబురు పోయి ఉంటుంది, ఎవరో లినక్స్ కంప్యూటర్ నుంచి వస్తున్నారు, నీకు తెలుసా అని. ఈసారి భూపాలపల్లిలోనుంచే వస్తున్నారని కూడా చెప్పి ఉంటుంది. కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాను. పెళ్లిచూపుల్లో కూడా అంత ఒదిగి కూర్చోలేదు.

తలుపు తెరుచుకున్నట్టు తెర మారింది. ఆమె ఔనని కొట్టింది.

రెండు దారులూ మళ్లీ నా ముందుకొచ్చాయి. మొదటిది నొక్కాను.

డ్యూటీ దిగి ఆమె వచ్చింది. గుమ్మంలోనే నిలబడి బల్లను, దుప్పటిని, నన్ను చూసింది. ఏమన్నా అంటుందేమోనని చూశాను. చెప్పులు విడిచి, లోపలికొచ్చి, బల్ల పక్కన మంచం మీద కూర్చుంది.

‘గీసారి ఉత్తరాలు యాడ పెట్టినవ్?’

‘ఎక్కడియక్కడనే ఉంచిన’ అన్నాను. ‘నేనే వచ్చిన.’

ఆమె తల కిందికేసుకొని జడ విప్పుకుంటూ, నవ్విందో లేదో నాకు కనబడలేదు. ‘మరి ఆడ మోటరెవలు ఏస్తున్నరు?’ అని అడిగింది.

పొద్దున బస్సెక్కినప్పటినుంచి ఆ మోటరు సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.